ఏడడుగుల వేప దుంగను ఒక్కరే ట్రాలీ ఆటోలోకి ఎక్కించవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్‌లో మీ కాలనీ పార్కు పక్కన ఈదురుగాలికి వేపచెట్టు కూలింది. కొమ్మలన్నీ కొట్టి తీసుకెళ్ళగా ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల చుట్టుకొలత ఉన్న మాను మిగిలింది. కొయ్య చెక్కడం నేర్చుకుంటున్న మీరు దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకుంటున్నారు. బండి ఆగగల చోటుకూ దుంగకూ మధ్య అరవై అడుగుల దూరం ఉంది. ట్రాలీ ఆటో డ్రైవరు దుంగ మీద చేయి వేయనని ముందే చెప్పాడు, సాయానికి వచ్చేవారు ఎవరూ లేరు. దాన్ని ఒక్కరే ఎక్కించి ఇంటి కింద పార్కింగులో దించుకోగలరా, జనం లేని రాత్రివేళ అయితే సులువవుతుందా అన్నవి మీ సందేహాలు. బరువు నూట యాభై కిలోలు ఉండవచ్చని కూడా మీరు రాశారు.

సూటిగా చెప్పాలంటే, ఒక్కరే తెచ్చుకోవచ్చు, కానీ ఉన్నది ఉన్నట్టుగా కాదు. మీరు ఇచ్చిన కొలతలను బట్టి ఆ దుంగ బరువు నూట యాభై కాదు, సుమారు 320 కిలోలు. దాన్ని అక్కడే మూడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను దొర్లించి, వాలు బాదుల మీదుగా తాడుతో లాగి ఎక్కించడం ఒక మనిషికి సాధ్యమైన పని. మాను మొత్తం ఒకే ముక్కగా కావాలంటే మాత్రం ఇద్దరు హమాలీలనో, బోరు మోటార్లు తీసేవారి మూడుకాళ్ళ స్టాండునో మాట్లాడుకోవలసిందే.

ఈ పని నాకు కలప అడితిలో పనిచేసే పెద్దవాళ్ళు నేర్పారు. ఇళ్ళు పడగొట్టినచోట, రోడ్డు వెడల్పు చేసినచోట దొరికే దుంగలతోనే నేను ఏళ్ళుగా పని చేస్తున్నాను కనుక, కింద చెప్పేదంతా చేసి చూసినదే. ఆ పెద్దవాళ్ళు మొదటిరోజే చెప్పే సూత్రం ఒకటుంది, మిగతా పద్ధతులన్నీ దానిలోంచే పుట్టాయి. మీరు ఏ క్షణంలో చేయి వదిలినా దుంగ ఉన్నచోటే ఉండాలి. నలుగురు కలిసి పనిచేసేటప్పుడు ఒకరి పట్టు జారితే మిగిలిన ముగ్గురు ఆపుతారు. ఒంటరివాడికి ఆ అవకాశం లేదు కాబట్టి ఆ ముగ్గురి పనిని అడ్డుచెక్క, తాడు, నేల చేయాలి. మీ కండబలమే దుంగను ఆపి ఉంచుతున్న స్థితి ఒక్క నిమిషం వచ్చినా ఆ పద్ధతి తప్పని అర్థం.

ముందు బరువు లెక్క కట్టండి. పచ్చి కర్ర సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది కనుక ఘనపు మీటరుకు వెయ్యి కిలోలు అనుకుంటే భద్రమైన అంచనా వస్తుంది. దుంగ చుట్టూ టేపు వేసి చుట్టుకొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతోనూ ఆ తర్వాత 80తోనూ గుణిస్తే కిలోలు వస్తాయి. మీ దుంగ చుట్టుకొలత 1.37 మీటర్లు, పొడవు 2.13 మీటర్లు కాబట్టి 320 కిలోలు అయింది. చింత, తుమ్మ వంటి గట్టి కర్రలైతే ఇంకాస్త కలుపుకోవాలి. వేప విషయంలో అసలు బరువు ఈ లెక్కకు కొంత తక్కువ రావచ్చు, కానీ తక్కువ అంచనా వేసుకుని తాడు ఎంచుకోవడం కంటే ఎక్కువ అంచనాతో వెళ్ళడమే మేలు. చుట్టుకొలత రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. కంటి అంచనాలు తప్పేది ఇక్కడే. లావు ఇంకొంచెమే కదా అనిపించిన దుంగ తీరా కదపబోతే ఉలకదు, పలకదు.

ఈ అంకెను మనిషి శక్తితో పోల్చి చూడండి. సిమెంటు బస్తా 50 కిలోలు. నిండిన వంటగ్యాసు సిలిండరు 30 కిలోల చిల్లర. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సు ప్రకారం వయోజనుడైన పురుషుడు చేతులతో మోసే బరువు 55 కిలోలకు మించకూడదు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ఇంకా కఠినమైనది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా అది ఒప్పుకునేది 23 కిలోలే. హమాలీలు వంద కిలోల బస్తాను వీపుకెత్తుకోవడం మనం చూస్తూనే ఉంటాం, కానీ బస్తా ఒంటికి అతుక్కుంటుంది, దుంగ అతుక్కోదు. పట్టుకోవడానికి దానికి చెవులు లేవు, బెరడు ఊడి చేతిలోకి వస్తుంది, ఒక కొన ఎప్పుడూ రెండోదానికంటే బరువుగా ఉంటుంది. అందుకే నేను 25 కిలోలు దాటిన ముక్కను ఎత్తవలసిన బరువుగా కాక, దొర్లించవలసిన లేదా ఒరిగించవలసిన బరువుగానే చూస్తాను.

కొన్నాళ్ళు ఎండనిస్తే తేలికపడుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆరిన కర్ర తేలికే, కానీ ఇంత లావు మాను ఆరడానికి ఏళ్ళు పడుతుంది. పలకగా కోసిన కర్రకే అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. నెల రోజులు ఆగితే తగ్గే బరువు నామమాత్రం, ఈలోపు కొసలు పగుళ్ళు బారతాయి. వాన తగిలితే బెరడు కింద పురుగు చేరుతుంది. కనుక తెచ్చుకోదలిస్తే పచ్చిగా ఉన్నప్పుడే తెచ్చుకోండి.

ఇక కోయడం సంగతి. దుంగను కోయాలనగానే చెక్కేవారికి మనసొప్పదని నాకు తెలుసు. కానీ నడిమధ్య దవ్వ, అంటే మెత్తని నడిమి భాగం, ఉన్న మాను ఆరేటప్పుడు అంచు నుంచి దవ్వ దాకా చీలక మానదు. పాతకాలపు కొయ్య విగ్రహాలు చాలావాటికి వెనుక భాగాన్ని తొలిచి గుల్ల చేయడానికి ఒక కారణం ఇదే. గిన్నెలు, ముఖాలు, చిన్న బొమ్మలు చేయదలచినవారికి దవ్వ వెంబడి నిలువునా చీల్చిన సగం దుంగే అసలైన ముడిసరుకు. పూర్తి దుంగ కావలసింది నిలువెత్తు బొమ్మ చెక్కేవారికే, నేర్చుకునే దశలో ఆ అవసరం రాదు. మీ మానును మూడుగా కోస్తే ఒక్కో ముక్క రెండడుగుల నాలుగంగుళాల పొడవుతో 107 కిలోలు ఉంటుంది. దాన్ని మళ్ళీ నిలువునా రెండుగా చేస్తే ఒక్కో బద్ద 53 కిలోలు. నిలువు చీలిక ఇంటికి వెళ్ళాక తీరిగ్గా చేసుకోవచ్చు, అడ్డకోతలు మాత్రం అక్కడే చేయాలి.

చైన్ రంపం మీకు అలవాటు లేకపోతే ఈ రెండు కోతలకు చెట్లు కొట్టేవారిని పిలిచి కూలి ఇవ్వండి. ఇందులో పొదుపు చేయడం నేను ఒప్పుకోను. అలవాటున్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. నేల మీద పడి ఉన్న దుంగను పైనుంచి ముప్పాతిక వంతు లోతు వరకే కోసి ఆపి, గడ్డపారతో దొర్లించి, మిగిలినది రెండో వైపు నుంచి కోయాలి. అలా అయితే గొలుసు మట్టిలో దిగదు, దుంగ ముడుచుకుని రంపాన్ని పట్టేయదు. రోడ్డు పక్క చెట్లకు కోచింగ్ సెంటర్ల రేకు బోర్డులు కొట్టీ కొట్టీ మనిషి ఎత్తులో మేకులు దిగబడి ఉంటాయి. వాటి మీదుగా బెరడు పెరిగి పైకి కనిపించవు కూడా. కోతపెట్టే చోట నల్లని లేదా నీలపు మరక ఉంటే అక్కడ ఇనుము ఉందని అనుమానించి కోతను అరడుగు పక్కకు జరపండి.

కోతకు ముందే దుంగ మీది కొమ్మ మొదళ్ళను మట్టంగా తీసేయించండి. పిడికెడంత మొదలు మిగిలినా ముక్క సాఫీగా దొర్లదు, దాని మీదికెక్కి ఆగి, ఆపై ఒక్కసారిగా అవతలికి పడుతుంది. వేళ్ళు నలిగేది ఆ కుదుపులోనే.

అరవై అడుగులు దాటించడం అనుకున్నంత కష్టం కాదు. సామగ్రి ఇది: ఐదడుగుల గడ్డపార ఒకటి, రెండు అడ్డుచెక్కలు, ఇటుకంత చెక్క ముక్క ఒకటి, గులకరాయి కంటే కాస్త పెద్దదైన గట్టి రాయి ఒకటి. గడ్డపార మొనను దుంగ కిందికి తోసి, మొనకు అరడుగు ఇవతల ఇటుకంత చెక్కను ఆనిస్తే మీ చేతి బలం తొమ్మిదింతలవుతుంది. కోయకముందు కూడా మీ దుంగ ఒక కొనను లేపడానికి చేతి మీద పడే భారం 18 కిలోలే. లేపిన వెంటనే కిందికి చెక్క తోయండి, ఆ తర్వాతే గడ్డపార వదలండి.

రాయి ఎందుకంటే, దుంగను దిశ మార్చడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. ఒక కొనను లేపి, దుంగ నట్టనడుమకు వచ్చేలా ఆ రాయిని కిందికి తోసి దించండి. దుంగ రాయి మీద తూగినట్టు నిలుస్తుంది. అప్పుడు ఒక కొసను అరచేత్తో నెట్టినా గడియారపు ముల్లులా తిరుగుతుంది. అడితిలో ఒక ముసలాయన టేకు దూలాలను ఇలా తిప్పుతుంటే కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు నోరు తెరిచి చూసేవారు. ఈ పనిలో రాయి కంటే ఖరీదైన పనిముట్టు కొనవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

కోసిన ముక్కలను డ్రమ్ములా దొర్లించుకుంటూ వెళ్ళవచ్చు. ఎప్పుడూ ముక్క వెనకే ఉండండి. దారి వాలుగా ఉంటే పైవైపున ఉండి, నడుముకు ఒక పట్టీ చుట్టి, దాని రెండో కొసను గట్టి ఆధారానికి ఒకటిన్నర చుట్టు తిప్పి కొంచెం కొంచెంగా వదలాలి. మీ నడుముకు కాదు, ముక్క నడుముకు. ఆ ఆధారం కరెంటు స్తంభమో, గేటు దిమ్మెనో, ప్రహరీ గోడనో కాకూడదు. ఇటుక గోడ నిలువు బరువును ఆపుతుంది కానీ పక్కకు లాగితే ఆగదు. బంజారాహిల్స్ వైపు వాలు వీధిలో ఎవరో తాడు లేకుండా వదిలిన తాటి మొద్దు ఒక ఇంటి ప్రహరీని కూల్చి లోపలికి వెళ్ళి ఆగడం చూశాక, వాలు ఎంత తక్కువగా కనిపించినా నేను తాడు లేకుండా దొర్లించడం లేదు.

నగరంలో నేలను నమ్మకూడదు. ఫుట్‌పాత్ కింద మురుగు కాలువ ఉంటుంది, దాని మీది పలకలు మనుషుల నడకకు సరిపోయేవే తప్ప వంద కిలోల మొద్దు కుదుపుకు కాదు. ముందు రోజే ఆ దారిన నడిచి, ఏ పలక కదులుతోందో, ఏ మూత కుంగిందో చూసుకుని, తప్పనిసరైతే సెంట్రింగ్ చెక్క పరిచి దాని మీదుగా దాటించండి. టైల్స్ పరిచిన చోట పాత గోనెసంచులు వేయండి. చాలా రోజులుగా పడి ఉన్న దుంగను మొదటిసారి కదిపేటప్పుడు దాని కింద చేతులు పెట్టవద్దు, తేళ్ళు, జెర్రులు అక్కడే కాపురముంటాయి. కూలిన చెట్టుకు కరెంటు తీగ ఏ మూలనైనా చిక్కుకుని ఉంటే 1912కు ఫోను చేసి, సరఫరా తీసేశామని సిబ్బంది వచ్చి చెప్పేదాకా దగ్గరికే వెళ్ళవద్దు.

ఎక్కించడమే ఈ మొత్తం పనిలో అసలు ఘట్టం. ట్రాలీ ఆటో తొట్టి నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మీ బండిది మీరే కొలుచుకోండి. ఎనిమిది అడుగుల సరుగుడు బాదులు రెండు, నాలుగంగుళాల లావువి, సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే చోట దొరుకుతాయి. వెనక డోరు దించి, బాదుల పైకొసలను తొట్టి అంచుకు ఆనించి, కిందికి జారకుండా తాడుతో బిగించి కట్టండి. ఆ వాలు మీద 107 కిలోల ముక్క కిందికి లాగే బలం 33 కిలోలకు తగ్గిపోతుంది. బాదులు ఎంత పొడవైతే లాగుడు అంత తగ్గుతుంది కాబట్టి పదడుగులవి దొరికితే మరీ మంచిది.

ఇప్పుడు తాడు వేసే పద్ధతి. తాడు ఒక కొసను తొట్టి ముందు భాగంలో కేబిన్ వైపు ఉండే కొక్కేనికి కట్టండి. తాడును తొట్టి పొడవునా వెనక్కి తెచ్చి, బాదుల మధ్యగా కిందికి దించి, ముక్క కింది నుంచి చుట్టి, పైనుంచి తిరిగి కేబిన్ వైపుకే తీసుకెళ్ళండి. ముక్క ఆ తాడు మడతలో ఒదిగి ఉంటుంది. రెండో కొసను లాగితే ముక్క తనంతట తాను దొర్లుతూ బాదుల మీదికెక్కుతుంది. ఇక్కడ ముక్కే కదిలే కప్పీ అయిపోతుంది కాబట్టి 33 కిలోలలో సగం, అంటే 17 కిలోల లాగుడు చాలు, ఒరిపిడి కలుపుకుంటే 20. దానికి బదులుగా ముక్క అడుగు కదలాలంటే తాడు రెండడుగులు లాగాలి.

ఇరవై కిలోలే కదా అని చేత్తో లాగేయవద్దు. సగం దూరం ఎక్కాక మీకు దగ్గు వచ్చినా, చెమటకు చేయి జారినా ఆపేవారు లేరు. రాట్చెట్ (వెనక్కి తిరగనివ్వని పళ్ళచక్రం) ఉన్న చేతి పుల్లరును కేబిన్ వైపు రెండో కొక్కేనికి తగిలించి దానితోనే లాగండి. ఒక్కో పన్ను పడ్డప్పుడు వినిపించే టక్కుమనే చప్పుడే మీకు భరోసా, చేయి తీసినా ముక్క ఆగి ఉంటుంది. ఆ పుల్లరు తాడు సాధారణంగా ఒకే దమ్ములో పూర్తి దూరం లాగలేదు, మధ్యలో వదులు చేసి మళ్ళీ తగిలించుకోవాలి. అప్పటికోసం ముక్క వెనక వేసే ఆపు ఒకటి ముందే తయారు చేసుకోండి. రెండు అడ్డుచెక్కలను ఒక పొడవాటి రీపరుకు (సన్నని కోసిన కర్రకు) బాదుల మధ్య దూరంలో మేకులతో కొట్టి, రీపరు కొసను ఒక పక్కకు రెండడుగులు బయటికి ఉంచితే, మీరు బాదుల పక్కన నిలబడి ఆ కొసతో అడ్డును ముక్క వెనకే పైకి జరుపుతూ రావచ్చు. బాదుల కింది భాగంలో, ముక్క వెనక, నిలబడవలసిన అవసరం ఏ దశలోనూ రాదు. వస్తే మీరు అమర్చిన తీరు తప్పు.

పుల్లరును ఆడించేటప్పుడు తొట్టిలోకి ఎక్కవద్దు. అంచు దాటిన మరుక్షణం ముక్క చదునుకు వచ్చి మీ కాళ్ళ మీదికే దొర్లుతుంది. బండి పక్కన నేల మీద నిలబడి, తొట్టి మీదుగా చేయి చాచి ఆడించండి. సాగే నైలాన్ తాడు ఈ పనికి పనికిరాదు, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. సాగని పాలిస్టర్ పట్టీ అడుగుకు గిట్టుబాటు ధరకే దొరుకుతుంది, నేను అదే వాడతాను. ముక్క ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటే ఎక్కేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఆపి, వెనకబడిన కొసను గడ్డపారతో ఒక పోటు పొడిచి సరిచేయండి. చేత్తో సరిచేయవద్దు.

బండి గురించి ఒక హెచ్చరిక. మూడు చక్రాల ట్రాలీకి పక్క నుంచి బరువు ఎక్కించవద్దు, ముఖ్యంగా మాను మొత్తాన్ని. ముందు ఒకే చక్రం కనుక అది పక్కకు వాలిపోతుంది. పొడవాటి దుంగ ఎక్కించాలంటే టాటా ఏస్ లాంటి నాలుగు చక్రాల బండే కావాలి. పైగా 320 కిలోల దుంగకు ఇదే లెక్క వేస్తే లాగుడు 50 కిలోలు దాటుతుంది, సరుగుడు బాదులకు నడుమ ఊతం పెట్టాలి, ఒక్క పొరపాటు ఖరీదు కాలో చేయో అవుతుంది. ఆ పని ఇద్దరు హమాలీలు కలిసి చేస్తే ఎంత నిదానంగా, నవ్వుకుంటూ చేస్తారో చూశాక ఒంటరిగా ప్రయత్నించాలన్న పట్టుదల నాకు పోయింది. పూరీలో జగన్నాథుడి కొయ్య విగ్రహాలను కొత్తగా చేసే 2015 నవకళేబరానికి వేప దారువులను (దుంగలను) తెచ్చినప్పుడు కూడా బండి మీదికి చేర్చి జనమంతా కలిసి లాగారు. అన్నీ ఒక్కరే చేయాలన్న నియమం ఎక్కడా లేదు.

హమాలీలు దొరకకపోతే బోరు మోటార్లు తీసేవారిని అడగండి. వారి దగ్గర ఇనుప పైపుల మూడుకాళ్ళ స్టాండు, టన్ను బరువు లేపే చైన్ పుల్లీ బ్లాకు ఉంటాయి. దుంగను పైకి లేపి, దాని కిందికి బండిని వెనక్కి తెచ్చి, దించేస్తారు. స్టాండు కాళ్ళు జారకుండా మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టారో లేదో మీరు కూడా ఒకసారి చూడండి. హైడ్రా క్రేన్ పిలవడం ఇంత చిన్న పనికి దండగ.

కారు డిక్కీలో తెచ్చుకోదలచినవారు కూడా ఇది చదువుతుంటారు కనుక ఒక మాట. నిలువునా చీల్చిన 53 కిలోల బద్దను డిక్కీ ముందు నిలబెట్టి, పైకొసను డిక్కీ అంచు మీది దుప్పటి మీదికి ఒరిగించి, ఆ తర్వాత కింది కొసను లేపి లోపలికి తోయండి. అప్పుడు చేతుల మీద పడేది సగం బరువే. ముందు సీట్ల వెనక ఏ కట్టూ లేకుండా దాన్ని వదిలేస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది ముందుకు దూసుకొస్తుంది. సీటు బెల్టు కొక్కేలకు పట్టీతో బిగించాలి.

ట్రాలీలోనూ అంతే. ముక్కలను కేబిన్ గోడకు ఆనించి పేర్చి, ప్రతిదానికీ రెండు వైపులా అడ్డుచెక్కలు వేసి, పైనుంచి పట్టీ బిగించండి. ఆర్‌సీలో రాసి ఉన్న బరువు పరిమితిని చూసుకోండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ పరిమితి మించిన బరువుకు 20,000 రూపాయల జరిమానా చెబుతోంది, తొట్టి దాటి బయటికి పొడుచుకువచ్చిన సరుకుకూ అంతే. మీ ఏడడుగుల మాను చిన్న తొట్టిలో పట్టక వెనక్కి చొచ్చుకురావడం కూడా దాన్ని కోయమనడానికి ఒక కారణం.

అనుమతి విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పార్కు స్థలం నగరపాలక సంస్థదైతే కాలనీ సంఘం నోటిమాట సరిపోదు. జీహెచ్‌ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగం వారిని అడిగి కాగితం తీసుకోండి, కూలిన చెట్టు ఫొటోను కూడా ఫోనులో ఉంచుకోండి. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల సంరక్షణ) చట్టం ఉంది కనుక దారిలో ఎవరైనా ఆపితే అది కొట్టిన చెట్టు కాదు, కూలిన చెట్టు అని చూపించగలగాలి. టేకు, చందనం, ఎర్రచందనం దుంగలైతే అటవీ శాఖ రవాణా అనుమతి లేకుండా అంగుళం కదపవద్దు.

దించడం గురించి మీరు ఒక వాక్యంతో సరిపెట్టారు, కానీ దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే. ఎక్కించేసరికి ఒళ్ళు అలిసి ఉంటుంది, డ్రైవరు తొందర పెడుతుంటాడు, వెనక డోరు తీయగానే దారిలో జారిన ముక్క మీద పడడానికి సిద్ధంగా ఉంటుంది. డోరు తీసేటప్పుడు ఎదురుగా కాక పక్కన నిలబడండి. దించడానికీ గంట పడుతుందని డ్రైవరుతో ముందే మాట్లాడి కిరాయి ఒప్పుకోండి. వాలు బాదులు, తాడు, అన్నీ తిరగేసి అదే పద్ధతి. తేడా ఒక్కటే, ఈసారి తాడును కొక్కేనికి రెండు చుట్లు తిప్పి, చేతిలోని కొసను కొద్దికొద్దిగా వదలాలి. ఆ రెండు చుట్ల ఒరిపిడి దాదాపు బరువంతా ఆపుతుంది. వదలడం ఆపగానే కొసను ముడి వేసేయవచ్చు. పార్కింగు టైల్స్ మీద పాత టైర్లు రెండు పరచండి. చివరి అరడుగు ముక్క జారినా టైరు మీద పడుతుంది, నేల పగలదు, ముక్కా చిట్లదు.

దించిన రోజే కొసలకు గోడ రంగో, కరిగించిన మైనమో దట్టంగా పట్టించండి. దుంగ నేలను తాకకుండా ఇటుకల మీద ఉంచండి.

ఇక రాత్రిపూట సంగతి. జనం ఉండరన్నది నిజమే, వెలుగూ ఉండదు. ముక్క వెనక అడ్డుచెక్క సరిగా కూర్చుందో లేదో, తాడు బాదు అంచుకు ఒరుసుకుంటోందో లేదో వీధిదీపం నీడలో కనిపించదు. ఏదైనా జరిగితే కేక వేసినా వినేవారుండరు. రాత్రివేళ ఒక మనిషి మాను ముక్కలు బండికెక్కిస్తుంటే గస్తీ పోలీసులకు కలప దొంగతనం అనిపించడం కూడా సహజమే. ఆదివారం తెల్లవారాక ఆరున్నర ప్రాంతంలో మొదలుపెట్టండి. రోడ్డు మీద రద్దీ ఉండదు, ఎండ ముదరదు, పార్కులో నడకకు వచ్చేవారు నలుగురైదుగురు చుట్టుపక్కల ఉంటారు. వారిలో ఒకరికి మీరు చేస్తున్న పని ముందే చెప్పి, పిల్లల్ని బాదుల దగ్గరికి రానివ్వవద్దని అడగండి.